పిలవకుండా లేవొద్దు

మా కృష్ణా జిల్లాలో మనిషికి ఏమొచ్చినా ముందు కళ్ళే తిరుగుతాయి. పొద్దున్న టిఫిను తినకపోతే కళ్ళు తిరుగుతాయి, ఎండలో నాట్లు వేస్తే తిరుగుతాయి, కడుపుతో ఉంటే తిరుగుతాయి, కొడుకు పరీక్ష తప్పినా తిరుగుతాయి. నేను నర్సు పని నేర్చుకుంది గుడివాడలో ఓ చిన్న నర్సింగ్ హోములో. అక్కడ రోజూ ఎవరో ఒకరు ఆ మాటతోనే గుమ్మం ఎక్కేవాళ్ళు. డాక్టరు చెప్పకముందే ఏం చెయ్యాలో మాకు తెలుసు. ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు ఓ గ్లాసు పట్టించడం, పడుకోబెట్టి ఓ సెలైన్ సీసా ఎక్కించడం. సీసా ఎక్కించకపోతే మావాళ్ళ లెక్కలో అది వైద్యమే కాదు. "ఒక్క బాటిల్ పెట్టండి సిస్టరు గారూ, లేచి కూర్చుంటాడు" అని రోగి తరపువాళ్ళే మాకు చెప్పేవాళ్ళు. నిజంగానే చాలామంది లేచి కూర్చునేవాళ్ళు. నందివాడ దగ్గర మా ఊళ్ళో మా అమ్మ చేసే వైద్యం కూడా అదే, నిమ్మకాయ బదులు మజ్జిగ. అంచేత ఆ ఉప్పు మీద నాకు గట్టి నమ్మకం.

గుడివాడ తర్వాత బందరులో ఓ ట్రస్టు ఆసుపత్రిలో పని దొరికింది. ఇప్పుడది లేదు, మూసేసి చాలా ఏళ్ళయింది. నేనక్కడ చేరింది తొంభైల మొదట్లో. పెళ్ళి చేసుకోలేదు. అది వేరే కథ, ఇక్కడ చెప్పను. ఓ మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక కంచం. రెండో కంచం కొనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మా అన్నయ్య ఏడాదికోసారి బియ్యం బస్తా వేసుకుని వచ్చి, నిలబడే మంచినీళ్ళు తాగి, బస్సు తప్పిపోతుందని వెళ్ళిపోయేవాడు.

నాకు ముప్ఫై ఆరేళ్ళప్పుడు ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటున్నాను. ఎడం చెవి దిమ్ముగా ఉంది, తలకి పోసుకున్నప్పుడు నీళ్ళు పోయినట్టు. వేలు పెట్టి కదిపాను, తల ఓ పక్కకి వంచి గెంతాను. నీళ్ళు లేవు, ఏమీ లేవు. చెవిలో ఓ హోరు మొదలైంది, మా ఊళ్ళో రైసుమిల్లు ఆడుతుంటే దాని గోడకి చెవి ఆనించినప్పుడు వినపడే హోరు. ఆ తర్వాత గోడ కదిలింది. కళ్ళు కాదు, గోడ. కిటికీ, గోడ, తలుపు, మళ్ళీ కిటికీ, వరసగా నా ముందు నుంచి వెళ్ళిపోతున్నాయి. కూర్చుందామనుకునే లోపలే పడ్డాను. గచ్చు మీద బోర్లా పడుకుని రెండు అరచేతులతో గచ్చుని పట్టుకున్నాను. గచ్చుని ఎలా పట్టుకుంటారని అడక్కండి. అది నన్ను విసిరేస్తుందని భయం వేసింది, పట్టుకున్నాను. తల అంగుళం కదిపితే వాంతి. పడుకున్నచోటే వాంతి చేసుకుని అందులోనే ఉండిపోయాను.

అప్పటికి పదహారేళ్ళుగా ఎంతమంది నుదుళ్ళు పట్టుకుని వాంతి చేయించానో నాకే తెలియదు. వాంతి చేసుకునే మనిషికి బేసిను కన్నా నుదుటి మీద చెయ్యి ముఖ్యం. ఆరోజు నా నుదుటి కింద గచ్చు తప్ప ఏమీ లేదు. కింద వాటాలో ఇంటావిడ నేను డ్యూటీకి వెళ్ళాననుకుంది. ఆసుపత్రిలో వాళ్ళు నేను చెప్పకుండా సెలవు పెట్టాననుకున్నారు. మధ్యాహ్నం మూడింటిదాకా నేను ఎక్కడున్నానో ఎవరికీ తెలియలేదు, తెలుసుకోవలసిన అవసరం కూడా ఎవరికీ కలగలేదు. ఆ మాట తోచినప్పుడు ఏడుపొచ్చింది. ఏడిస్తే తల కదులుతుందని ఏడవలేదు.

లేవగలిగాక నాకు నేనే వైద్యం చేసుకున్నాను. పొద్దున్నించీ ఏమీ తినలేదు, నీరసం, బీపీ పడిపోయి ఉంటుంది అనుకున్నాను. మజ్జిగలో ఇంత ఉప్పు వేసుకుని చెంబెడు తాగాను. మర్నాడు డ్యూటీకి వెళ్ళి విరేచనాలని అబద్ధం చెప్పాను. పదిరోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ మజ్జిగ, ఈసారి ఉప్పు ఇంకాస్త. అలా వచ్చినప్పుడల్లా ఉప్పు పెంచుకుంటూ పోయాను. సత్తువ ఉంటుందని అన్నంలో ఊరగాయ కూడా రెట్టింపు చేశాను. డాక్టరు తన రోగం తాను చూసుకోకూడదంటారు. నర్సు సంగతి ఎవరూ చెప్పలేదు గానీ ఆ మాట మాకూ వర్తిస్తుంది.

ఆ తిరుగుడు వచ్చి పోతే పోయేది, కానీ పోతూ పోతూ చెవిలోంచి కొంత పట్టుకుపోయేది. ముందు మగవాళ్ళ బొంగురు గొంతులు పోయాయి. తర్వాత గుసగుసలు పోయాయి. రెండేళ్ళకి ఎడంపక్క నుంచి ఎవరు పిలిచినా వినపడని స్థితికి వచ్చాను. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోపు రెండు చెవులకీ పెట్టుకునేదాన్ని, వినేది మాత్రం ఒక్కదానితో. గులిమి అడ్డుపడిందని నాకు నేను చెప్పుకున్నాను. కొబ్బరినూనె వేసుకున్నాను. నిజం ఏమిటో నాకు తెలుసు, తెలియనట్టు నటించాను, అంతే.

పిలిస్తే పలకదు, ఆవిడకి పొగరు, అని ఆసుపత్రంతా పేరొచ్చింది. ఆ మాట నా కుడి చెవినే పడింది. బాధ వేసింది గానీ దిద్దలేదు. చెవిటిది అనిపించుకునేకంటే పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాను. పొగరుబోతుకి జీతం ఇస్తారు. శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగిన చెవిటివాడి సామెత చెప్పుకుని నవ్వుకుంటాం కదా, ఆ నవ్వు నా మీద పడటం నేను ఊహించుకోలేకపోయాను. భోజనాల దగ్గర నలుగురూ ఒకేసారి మాట్లాడితే నాకు ముక్క అర్థమయ్యేది కాదు. అందరూ నవ్వాక చూసి నవ్వేదాన్ని. కొన్నాళ్ళకి అదీ మానేసి, కేరేజీ తీసుకెళ్ళి మందుల గదిలో ఒక్కదాన్నే తినేదాన్ని.

నా భయం ఊరికే పుట్టలేదు. అంతకుముందు ఏడాదే, చూపు మందగించిందని ఒక ఆయాని ట్రస్టు కమిటీవాళ్ళు దండేసి, చీర పెట్టి, ఇంటికి పంపించేశారు. ఆవిడకి ఇల్లుంది, ఇంట్లో మనుషులున్నారు. నన్ను పంపించేస్తే నేను వెళ్ళాల్సింది ఆ మేడమీద గదికి. వార్డులో నా బల్ల గోడకి ఎదురుగా ఉండేది. దాని ముందు కూర్చుంటే మంచాలన్నీ ఎడంచేతి వైపు. బల్ల అటు తిప్పి కూర్చుంటే సరిపోతుందని తెలుసు, ఎన్నోసార్లు అనుకున్నాను. ఎందుకు తిప్పుతున్నావని హెడ్ సిస్టరు అడిగితే ఏం చెప్పాలి? అందుకని అలాగే వదిలేశాను.

అలాంటి రోజుల్లో ఆయన్ని తీసుకొచ్చారు. నాగాయలంక అవతల, పంటు ఎక్కి ఏరు దాటి వెళ్ళే ఒక లంక ఊరు వాళ్ళది. యాభై దాటిన మనిషి, సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. ఆటోలోంచి దించుతుంటే బోర్లా వాలిపోయాడు, కాళ్ళు నిలవలేదు. తీసుకొచ్చిన ఆటో అతను, పొద్దున్నే ఎక్కించాడు పెద్దాయన, అని నవ్వాడు. పక్కనే ఉన్న ఆయన భార్య ఆయన భుజం కింద చెయ్యి వేసి పట్టుకుంది. ఆవిడ ఎండుచేపలు అమ్ముతుంది, అవనిగడ్డ సంతలో అందరికీ తెలిసిన మనిషట. తర్వాత మెల్లిగా నాతో చెప్పింది, ఆయన ముట్టడమే మానేసి పదేళ్ళయిందని, ఊళ్ళో ఎవరూ నమ్మరని, ఆరునెల్లుగా ఎవరూ పడవ ఎక్కించుకోవడం లేదని.

కళ్ళు తిరుగుతున్నాయట, అంది. ఇంకేముంది, నాకు తెలిసిన వైద్యమే చేశాను. ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు పట్టించాను, డ్యూటీ డాక్టరు చేత రాయించి సెలైను పెట్టాను. ఆయన తల పక్కకి తిప్పితే చాలు, కనుగుడ్లు రెండూ ఓ పక్కకి కొట్టుకునేవి. మంచం పట్టెలు రెండు చేతులతో పట్టుకుని పడుకున్నాడు. నేను ఆ చేతుల్ని చూశాను. వేళ్ళు తెల్లగా అయిపోయాయి. నాకు నా గచ్చు గుర్తొచ్చింది, అక్కడ నిలబడలేక వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయాను.

చెవి ముక్కు గొంతు చూసే డాక్టరు వారానికోసారి విజయవాడ నుంచి వచ్చేవారు. మర్నాడు ఆయన రోజు. మంచం పక్క కూర్చుని ముందుగా ఒక ప్రశ్న అడిగారు.

"కళ్ళు తిరుగుతున్నాయా, ఇల్లు తిరుగుతోందా?"

"ఇల్లేనండి" అన్నాడాయన. "ఒడ్డుకొచ్చి ఇంట్లో పడుకున్నా నేను పడవ దిగలేదండి."

నా చేతిలో కేస్ షీటు ఉంది. పెన్ను ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళు నర్సు పని చేశాను, ఆ రెండింటికీ తేడా అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. రెండేళ్ళు ఇల్లు తిరిగినా నేను నాతో చెప్పుకున్నది కళ్ళు తిరిగాయనే. డాక్టరు ఇంకా అడుగుతున్నారు. చెవి దిమ్ము ఉంటుందా, హోరు ఉంటుందా, వచ్చిపోయాక వినికిడి తగ్గిందా. ప్రతిదానికీ ఆయన అవునంటున్నాడు, లోపల నేను అవునంటున్నాను. డాక్టరు కాగితం వెనక నత్తగుల్ల బొమ్మ వేసి, లోచెవి ఇలా ఉంటుంది, ఇందులో ఉండాల్సిన దానికన్నా నీరు ఎక్కువై ఒత్తిడి పెడుతోంది, అని చెప్పారు. ఆ జబ్బుకి ఏదో పరదేశి పేరుంది. ఎటు పోయినా గుల్లలేనా నా బతుక్కి, అని ఆయన అంత బాధలోనూ నవ్వాడు. డాక్టరు కూడా నవ్వి, ఇకనించీ ఉప్పు బాగా తగ్గించాలి, కాఫీ, చుట్ట మానెయ్యాలి, అన్నారు. ఉప్పు తిన్న కొద్దీ ఒంట్లో నీరు నిలుస్తుందట. మంచం పక్క ఖాళీ సెలైన్ సీసా ఇంకా వేలాడుతూనే ఉంది. డాక్టరు దానివైపు చూసి, ఇది ఎవరు పెట్టారు, అన్నారు. నేనే, అన్నాను. వాంతులవుతున్నాయి కదా, పర్వాలేదు, ఇకమీదట మాత్రం నన్నడక్కుండా పెట్టొద్దు, అన్నారు మెత్తగానే. ఆ మెత్తదనమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం గదికి వెళ్ళి ఊరగాయ జాడీ తీసుకెళ్ళి కింద ఇంటావిడకి ఇచ్చేశాను. ఆవిడ ఆశ్చర్యపోయింది, ఎప్పుడూ పలకరించని మనిషి ఆవకాయ ఇస్తోందేమిటని. తర్వాత ఇంకో పని చేశాను, నర్సు చెయ్యకూడనిది. ఆయనకి రాసిన మందుల చీటీ నా చేత్తో ఇంకో కాగితం మీద దించుకుని, నేనూ అవే మందులు కొనుక్కున్నాను. ఒంట్లో నీరు తీసే మాత్ర ఒకటి, తిరుగుడు తగ్గే మాత్ర ఒకటి. డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళి అడగొచ్చు కదా అంటారా? అడిగితే నా పేరు కేస్ షీటు మీదికి ఎక్కుతుంది. అలా ఆయన జబ్బు పేరు, ఆయన మందు రెండూ నేను ఆయనకి తెలియకుండా తీసుకున్నాను.

ఆ రుణం తీర్చుకోవడానికో ఏమో, ఆయన్ని చాలా శ్రద్ధగా చూశాను. ఈ జబ్బు మనిషితో పక్కనించి వచ్చి మాట్లాడకూడదు, తల తిప్పుతాడు, తిప్పితే తిరుగుతుంది. ఎదురుగా వచ్చి నిలబడాలి. కిటికీ వెలుగు కళ్ళలో పడకూడదు. మంచం చప్పున కదపకూడదు. తిరుగుడు మొదలైతే కదలకుండా పడుకోబెట్టి, కదలని వస్తువు ఒకటి చూపించి దానివంకే చూడమనాలి. ఇవన్నీ డాక్టరు సగం చెప్పారు, మిగతా సగం నేను గచ్చు మీద పడుకుని నేర్చుకున్నవి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంటరిగా లేవనివ్వకూడదు. రోజుకి పదిసార్లు ఆయనకి అదే చెప్పేదాన్ని, పిలవకుండా లేవొద్దు బాబాయ్, అని. పిలుపు దగ్గరగా వినపడాలని నా బల్ల పక్క మంచమే ఆయనకి ఇప్పించాను. బల్లకి ఎడంపక్క మంచం. ఇప్పించేటప్పుడు ఆ సంగతి నాకు తోచలేదంటే నమ్మండి. ఒక అబద్ధం రోజూ చెప్పుకుంటూ పోతే మన మీదే దాని పట్టు పెరిగిపోతుంది.

ఆయన భార్య పొద్దున్న అన్నం తెచ్చి, అమ్మకానికి వెళ్ళి సాయంత్రం వచ్చేది. బందరులో వాళ్ళ దూరపు చుట్టాలింట్లో ఉండేది. ఉప్పు లేని కూర ఆయన నోట్లో పెడుతూ, ఉప్పుచేపలు అమ్ముకునేవోళ్ళం, ఉప్పు లేకుండా ఎట్టా బతుకుతామండీ, అని నన్ను తిట్టినట్టే తిట్టేది. ఆవిడ వెళ్ళాక మధ్యాహ్నాలు ఆయనా నేనూ మాట్లాడుకునేవాళ్ళం. బల్ల దగ్గర పని అయ్యాక ఆయన మంచానికి ఎదురుగా స్టూలు వేసుకునేదాన్ని. నీళ్ళ రంగు చూసి లోతు ఎలా చెప్తారో, ఇంజను చప్పుడులో చిన్న తేడా వస్తే నిద్రలో కూడా ఎలా మెలకువ వస్తుందో చెప్పేవాడు. రెండేళ్ళలో నేను ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది ఆయనతోనే. నాకూ ఇదే జబ్బుందని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఆయన చెవి పెట్టి బతికిన మనిషి. నేను చెప్పకపోయినా కనిపెట్టేశాడని నాకు అప్పుడు తెలియదు.

పదో రోజో పదకొండో రోజో, మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు వేశారు, దాని మోత వార్డంతా నిండింది. నేను బల్ల ముందు కూర్చుని స్టోరు నుంచి తెప్పించాల్సిన మందుల ఇండెంటు రాసుకుంటున్నాను. పడ్డ చప్పుడు నాకు చెవికి కాదు, కాళ్ళకి తెలిసింది. తిరిగి చూస్తే ఆయన మంచానికీ గోడకీ మధ్య పడి ఉన్నాడు. కుడిచెయ్యి ఒంటి కింద పడింది. లేవదీస్తే మణికట్టు వంకరగా ఉంది. వల లాగే చెయ్యి అది. ఆయన అరవలేదు. నా మొహం వంక చూశాడు, అంతే.

పెద్ద డాక్టరు గారు వచ్చారు, హెడ్ సిస్టరు వచ్చింది. పెద్ద డాక్టరు గారు ఆయన్నే అడిగారు.

"లేవొద్దన్నారు కదయ్యా. సిస్టర్ని పిలిచావా?"

"లేదండి. నేనే లేచానండి. సిస్టరమ్మ తప్పేం లేదండి."

నా తప్పుందని ఎవరూ అనలేదు. ఆ చివరి మాట ఆయన ఎందుకన్నాడో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించడం ఇష్టం లేకపోయింది. నాకు కలిగింది ఊరట, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఒక్క ఊరటే. కేస్ షీటు తీసుకుని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. తెలుగులో చెప్పాలంటే, రోగి సిబ్బందిని పిలవకుండా లేచి పడిపోయాడు, అని. కింద సంతకం చేశాను. చేతి రాత ఎప్పటికన్నా గుండ్రంగా వచ్చింది.

కట్టు కట్టి ఇంకో వారం ఉంచి పంపించారు. వెళ్ళేరోజు ఆయన భార్య మందుల వేళలు అడగడానికి నా దగ్గరికి వచ్చింది. బల్లకి ఎడంపక్క నిలబడి ఏదో అనబోయి ఆగి, నా కుర్చీ వెనకనించి చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చి, అప్పుడు అడిగింది. నేను చెప్పాను. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. మామూలు విషయమే. సాయంత్రం గదికి నడిచి వెళ్తుంటే సగం దారిలో ఆవిడ నడిచిన ఆ నాలుగడుగులు గుర్తొచ్చాయి. రోడ్డు మీదే నిలబడిపోయాను. వాళ్ళకి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

ఆ తర్వాత నాలుగైదు నెలలు నా ఒంట్లో నెమ్మదించింది. ఉప్పు మానేశాక తిరుగుడు రావడం బాగా తగ్గింది. పోయిన వినికిడి మాత్రం రాలేదు. గదిలో కూర్చుని చప్పిడి కూడు తింటుంటే ఆయన చెయ్యే కళ్ళ ముందుకొచ్చేది. పిలిచాడా, పిలవలేదా? పిలవలేదనే అన్నాడు కదా అని ఓ పక్క, అన్నవాడి భార్య కుడిపక్కకి ఎందుకొచ్చిందని ఓ పక్క. ఇది చెప్పుకోవడానికి నాకు ఒక్క మనిషి లేదు. ఉన్న ఒక్క మనిషినీ నేనే చెయ్యి విరగ్గొట్టి పంపించాను. ఆ మంచం మీదికి కొత్తవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. నేను పావుగంటకోసారి లేచి చూసేదాన్ని. అలా లేచి చూడటంతో సరిపోతుందని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం బత్తాయిలు కొనుక్కుని అవనిగడ్డ బస్సెక్కాను. అవనిగడ్డలో దిగి నాగాయలంక, అక్కడినుంచి ఆటోలో రేవుకి. ఇంక పంటు ఎక్కాలి. నీళ్ళ మీద కదిలేది ఏదైనా సరే, నాలాంటివాళ్ళకి అది ఎక్కడం సాహసమే. మోటారుసైకిళ్ళ మధ్య నిలబడి, అవతలి ఒడ్డున ఒక తాటిచెట్టుని పట్టుకుని, కళ్ళతోనే లెండి, రెప్ప వెయ్యకుండా దానివంకే చూస్తూ దాటాను. ఆయనకి నేను నేర్పిన పాఠమే అది.

వాళ్ళ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధంతా చేపలు ఆరబోసి ఉన్నాయి. ఆయన అరుగు మీద కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు, ఎడం చేత్తో. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. కట్టు తీసేశారు గానీ మణికట్టు సగమే తిరుగుతోందని తర్వాత చూపించాడు. వేటకి వెళ్ళడం లేదు. ఇప్పుడు చెవి వల్ల కాదు, చెయ్యి వల్ల. నన్ను చూసి లేవబోయి, నవ్వి, లేవకుండానే భార్యని కేకేశాడు. "పిలవకుండా లేవొద్దన్నారు గదా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ చాప తెచ్చి నా కుడిపక్క అరుగు మీద వేసింది. ఆయన జరిగి దాని మీదికి వచ్చి కూర్చున్నాడు.

ఇంక దాచడానికి ఏముంది? అడిగేశాను.

"ఆరోజు నన్ను పిలిచావా బాబాయ్?"

ఆయన వల పక్కన పెట్టాడు.

"పిలిచానమ్మా. మూడుసార్లు పిలిచాను. ఇంక ఆగలేక లేచాను."

"మరి పెద్ద డాక్టరుతో పిలవలేదని ఎందుకన్నావు?"

"పిలిచానంటే మిమ్మల్ని తీసేస్తారు గదా. నా చెవి పోయింది, మీ చెవీ పోయింది. ఒకళ్ళ నోటికాడ కూడు ఇంకొకళ్ళు తీసుకుంటామా?"

ఆయన భార్య లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. గ్లాసు పట్టుకుని ఏడ్చాను. క్షమించమని అడిగాను. కేస్ షీటులో ఏం రాశానో చెప్పాను. నా చెయ్యి పోయిందని నాకూ కోపం ఉందమ్మా, లేదనను, అన్నాడు. మళ్ళీ వల ఒళ్ళోకి తీసుకుని, తల వంచుకునే అన్నాడు.

"నేను చెప్పలేదు. మీరు చెప్పాలి. నా తర్వాత ఆ మంచం మీద పడుకున్నోడు కూడా పిలుస్తాడు గదా."

తిరిగి వచ్చేటప్పుడు పంటు మీద ఏ చెట్టునీ చూడలేదు. భయం వెయ్యక కాదు. దానికన్నా పెద్ద భయం ముందుంది.

మర్నాడు పొద్దున్న డ్యూటీ ఎక్కాను. బల్ల పక్క మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు, చిలకలపూడిలో బట్టలు కుట్టేవాడు, కాలికి దెబ్బ. హెడ్ సిస్టరు మందుల బీరువా దగ్గర సీసాలు సర్దుతోంది. నేను ముసలాయనకి ఎదురుగా నిలబడి, ఆవిడకి కూడా వినపడేటట్టు చెప్పాను.

"తాతా, నాకు ఎడం చెవి వినపడదు. ఇటునించి పిలిస్తే పలకను. పలక్కపోతే గ్లాసుతో మంచాన్ని కొట్టు."

సరేనమ్మా, అన్నాడాయన, ఏ వింతా లేనట్టు. బీరువా దగ్గర సీసాల చప్పుడు ఆగిపోయింది. హెడ్ సిస్టరు వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఎన్నాళ్ళనించి, అంది. రెండున్నరేళ్ళు, అన్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీకు నామీద కోపమనుకున్నాను, నీకేం చేశానా అని ఎన్నిసార్లు ఆలోచించుకున్నానో, అంది. చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏమన్నారని ఆవిడని ఒక్కసారి కూడా నేను అడగలేదు, ఆవిడ నన్ను ఒక్కసారి కూడా కసురుకోలేదు. ఇద్దరం ఒకే వార్డులో అలా గడిపేశాం.

పెద్ద డాక్టరు గారి గదికి ఇద్దరం వెళ్ళాం. చెవి సంగతీ చెప్పాను, ఆయన పిలిచిన మూడు పిలుపుల సంగతీ చెప్పాను. అరగంట తిట్టారు. కుడి చెవితో అంతా విన్నాను. పాత కేస్ షీటు తెప్పించి, నేను రాసిన వాక్యం నా చేతే కొట్టేయించి, కింద నిజం రాయించి సంతకం పెట్టించారు. చేపలాయన చెయ్యి మళ్ళీ చూపించడానికి విజయవాడలో ఎముకల డాక్టరుకి ఉత్తరం రాస్తానన్నారు. ఇంక నాకు చెప్పబోయే మాట కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వెళ్ళి డ్యూటీ చూసుకో, అన్నారు. అంతే. ఎవరూ దండ వెయ్యలేదు, చీర పెట్టలేదు.

వార్డులోకి వచ్చాక హెడ్ సిస్టరు కాసేపు నా బల్లనీ, మంచాల వరసనీ, నన్నూ మార్చి మార్చి చూసింది. బల్లకి అవతలిపక్క కూర్చుంటే వార్డంతా నీ కుడిచెవి వైపే ఉంటుంది కదా, పట్టు, అంది. నేను ఒక పక్క పట్టుకున్నాను, ఆవిడ ఒక పక్క పట్టుకుంది. గోడ దగ్గరనించి లాగి తిప్పి వేశాం. కుర్చీ అటు జరిపాం. రెండు నిమిషాలు పట్టింది.